మంజీర దరిలోని నీలమణి

మాఘమాసపు తెల్లవారుజామున, రాఘవపూరు శివారునందలి పంచవటీ క్షేత్రమును దాటి, జొన్నచేల గట్టు వెంబడి మంజీర యొడ్డునకు దిగు కాలిబాటమీద నిలిచి, మంచుతెర మెల్లమెల్లగా తొలగుచుండగా నీటివైపు చూచుచున్నవానికి మొట్టమొదట పక్షి కనబడదు, కూత వినబడును. సన్నని యినుపతీగను బిగలాగి విడిచినట్లు "చీ" యని యొకమారు, వెనువెంటనే మరియొకమారు వినవచ్చును. ఆ దిక్కునకు తల త్రిప్పునంతలో, నీటికి మూరెడెత్తున, విడిచిన బాణమువలె తిన్నగా నొక నీలిరేఖ సాగిపోయి ఏటి మలుపున మాయమగును. చూచినవాడు తాను చూచినది ప్రాణియో, పొద్దుపొడుపు నీటిపై చేసిన మాయయో తేల్చుకొనలేక కొంతసేపు నిలిచిపోవును. మొదటిసారి నేనును అట్లే నిలిచిపోయితిని. తరువాత ఎన్ని మారులు చూచినను ఆ నిలిచిపోవుట మాత్రము తప్పలేదు.

అది లకుముకి, మన యేళ్ళను, వాగులను, చెరువులను ఆశ్రయించి బ్రతుకు లకుముకులలో మిక్కిలి చిన్నది. సంస్కృతము దీనిని మీనరంకమన్నది. పాత పక్షిశాస్త్ర గ్రంథములలో దీనికి నీల బుచ్చిగాడను తెలుగు పేరును కానవచ్చును. 1758లో లిన్నేయసు దీనికి 'ఆతిస్' అను పేరు పెట్టెను. అది ప్రాచీన గ్రీకు కవయిత్రి సాఫో నెచ్చెలి పేరు. ఐర్లాండు మొదలు జపానువరకును, దక్షిణమున సాలొమను దీవులవరకును వ్యాపించిన యీ పక్షికి ఎన్ని భాషలలో ఎన్ని పేర్లున్నవో లెక్కపెట్టుట కష్టము. కాని ఈ రాఘవపూరున్న న్యాల్‌కల్ ప్రాంతమున నిలిచి వినినచో, అందు మూడు పేర్లు ఒకే రచ్చబండ మీద వినబడును. తెలుగువాడు లకుముకి యనును. బీదరు వైపునుండి సంతకు వచ్చిన కన్నడిగుడు మించుళ్ళి యనును. మరాఠీ మాటలాడువాడు ఖండ్యా యనును. మించుళ్ళి యను మాటలో మెరుపు మించు ధ్వనించుచున్నది. మన లకుముకి యను మాట విన్నప్పుడెల్ల నాకు చెకుముకి రాయి తలపునకు వచ్చుచుండును. రెండింటికిని వ్యుత్పత్తిలో సంబంధ మున్నదని నేననుట లేదు. చెవికి రెండును తోబుట్టువులవలె తోచునని మాత్రమే యనుచున్నాను. రాతినుండి నిప్పురవ్వ యెగసినట్లే కదా, ఒడ్డునుండి ఆ పిట్ట యెగయుట!

ఈ మూడు భాషల కూడలి యెట్లేర్పడినదో ఒక మాట చెప్పవలెను. నిజాము రాజ్యములో న్యాల్‌కల్ బీదరు జిల్లాలోనిది. 1956 నవంబరు 1న రాష్ట్రములను భాషను బట్టి తిరిగి విభజించినపుడు, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలును, నారాయణఖేడ్ తాలూకాను, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకాను ఆంధ్రప్రదేశమున చేర్చిరి. తరువాత మెదకు జిల్లాలో నుండి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. ఊరు ఒక జిల్లానుండి వేరొక జిల్లాకు, ఒక రాష్ట్రమునుండి వేరొక రాష్ట్రమునకు మారినది. దాని ప్రక్క పారు ఏరు మాత్రము పాత దారినే పారుచున్నది. మహారాష్ట్రమున బీడు జిల్లాలోని బాలాఘాట్ కొండలలో పుట్టి, లాతూరు మీదుగా, బీదరు సీమను ఒరసికొని వచ్చి, దక్షిణపు టొడ్డున న్యాల్‌కల్‌ను, ఉత్తరపు టొడ్డున నారాయణఖేడ్ సీమను ఉంచుకొని ప్రవహించి, సింగూరు జలాశయమున విశ్రమించి, పిమ్మట ఉత్తరాభిముఖియై నిజాంసాగరమును నింపి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియువరకు మంజీర నడచు దారి 724 కిలోమీటర్లు. మంజీరమనగా కాలియందె. ఎండకాలమున రాళ్ళ నడుమ సన్నగిల్లిన ధారను వినినవారికి ఆ పేరు పెట్టినవాని చెవి యెంత సున్నితమైనదో తెలియును.

గోదావరికి దక్షిణమున, సింహళమున నివసించు చిన్న లకుముకిని శాస్త్రజ్ఞులు తాప్రోబాన యను ఉపజాతిగా లెక్కింతురు. తాప్రోబాన యనగా లంకకు గ్రీకులు పెట్టిన పాత పేరు. ఉత్తరదేశపు లకుముకి వీపున ఆకుపచ్చ ఛాయ కొంత తొంగిచూచుచుండగా, మన దక్షిణాది పక్షి వీపు అచ్చమైన నీలము. కావున న్యాల్‌కల్ దరిలో కనబడునది లంకకు బంధువైన పక్షియే.

దాని రూపమును వర్ణించుట కష్టము కాదు. దాని రంగును వర్ణించుటయే కష్టము. కొలతకు జానెడు కూడ లేదు; పదునారు సెంటీమీటర్లు. తూకమునకు రెండు మూడు తులములు. అందులోనే పెద్ద తల, బాకువంటి పొడవైన ముక్కు, తెగ్గోసినట్లున్న తోక, పగడమువలె ఎఱ్ఱనై, నడచుటకు పనికిరాక, కొమ్మను పట్టుకొనుటకు మాత్రమే తగిన పొట్టి కాళ్ళు. పొట్ట, రొమ్ము పండిన ఇటుక రంగు, కంఠము తెలుపు, చెవివెనుక మెడ ప్రక్కన మరియొక తెల్లని మచ్చ, తలమీద, రెక్కలమీద ముదురు నీలముపై లేత నీలపు చుక్కలు. ఇక వీపు నడుమ, మెడనుండి తోకవరకు దిగు నీలిపట్టెను గూర్చి ఏమి చెప్పుదును? నీడలో అది ఉక్కు, ఎండలో నెమలికంఠము, ఎగురునప్పుడు తనలోనుండియే వెలుగు పుట్టించుకొనుచున్నట్లుండు నిప్పు. మగదానిని ఆడదానిని తెలిసికొనుటకు ముక్కు చూడవలెను. మగదాని ముక్కు పూర్తిగా నలుపు. ఆడదాని ముక్కున క్రిందిభాగము నారింజపండు ఛాయతో ఎఱ్ఱబారి యుండును. తాంబూలము వేసికొన్న పెదవివలె నుండు ఆ గుర్తును ఒకమారు చూచినవాడు మరువడు.

ఆ నీలిమలో నీలవర్ణ పదార్థమే లేదన్న సంగతి తెలిసినపుడు నాకు కలిగిన విస్మయము ఇంతంత కాదు. పొట్టమీది ఇటుక రంగు నిజముగా ఈకలోని వర్ణద్రవ్యము వలన కలిగినదే; వీపుమీది నీలము మాత్రము వెలుగు చేయు పని. ఈక పోగులలో కంటికి కానరానంత సన్నని గుల్లలతో, స్పంజివలె అల్లిన కట్టడమొకటి కలదు. దానిపై బడిన వెలుగులో నీలిపాలు మాత్రము ఒకదానితో నొకటి కూడి బలముగా వెనుకకు మరలును. తక్కినది లోని నలుపులో ఇంకిపోవును. ఈకను నలిపి పొడిచేసినచో నీలిమ యెచ్చటను మిగులదు. చీనాదేశమున శతాబ్దములపాటు లకుముకి యీకలను వెండిపైడి రేకులపై అతికి, రాణుల కిరీటములను, పెండ్లికూతుండ్ర శిరోభూషణములను చేసిరి. ఆ నగలలో కొన్ని నేటికిని వెలిసిపోకుండుట రంగు పూసినది కాకపోవుట చేతనే. కాని ఒక్కొక్క నగకు ఎన్ని పక్షుల ప్రాణములు పోయినవో తలచినచో ఆ శోభను చూడ మనసొప్పదు.

ఇక వేట. నీటిపై వంగిన తుమ్మకొమ్మయో, చేపలవాడు పాతిన వెదురుకఱ్ఱయో, మోటబావి గిలక మ్రానో, ఏదో యొక ఆసనము దీనికి కావలెను. దానిమీద ముక్కు క్రిందికి వంచి, మెడ కుదించుకొని, ఒక్కొక్కమారు తలను మీదికి క్రిందికి ఊపుచు కూర్చుండును. ఆ ఊపుట వ్యర్థచేష్ట కాదు. చేప యెంత దూరమున, ఎంత లోతున నున్నదో కొలుచుకొనుట. నీటిలోని వస్తువు కంటికి కనబడుచోట నుండదని బావిలో కడవను తీయబోయిన ప్రతివారికి తెలియును. కిరణము నీటిని దాటునప్పుడు వంగుటచే చేప యున్నచోటికంటె పైన నున్నట్లు తోచును. ఆ వంపును ఈ పిట్ట ఏ బడిలో నేర్చినదో గాని, లెక్క తప్పక దూకును. దూకునప్పుడు రెక్కలు ఒంటికి అంటుకొనును. నీటిని తాకునంతలో ఒక పలుచని పొర కన్నులను కప్పును. ముక్కు తెరచుకొని మూసికొనును. మరుక్షణమున నీటి తుంపరలను విదలించుచు వెండివంటి పరకపిల్లను పట్టుకొని తిరిగి కొమ్మమీద నుండును. రెండు క్షణములైనను పట్టదు. చేపను కొమ్మకేసి అటునిటు బాది, దాని పెనుగులాట అణగిన తరువాత, రెక్కలును పొలుసులును గొంతులో అడ్డుపడకుండునట్లు తలవైపునుండి మ్రింగును. అదే చేపను పెంటికో పిల్లలకో తీసికొనిపోవునప్పుడు తలను ముందుకు త్రిప్పి పట్టుకొనును, పుచ్చుకొనువారు తలవైపునుండియే మ్రింగుటకు వీలుగా. కావున ముక్కున చేప ఎటువైపు తిరిగియున్నదో చూచి, అది తనకా, తనవారికా యని చెప్పవచ్చును. ఈ చిన్న మర్యాదను నేను గుర్తించిన దినమున, ఏటి యొడ్డుననే కూర్చుండి మధ్యాహ్నమువరకు ఇంటిదారి పట్టలేదు.

ఆ ముక్కు జపానుదేశమున ఒక పెద్ద చిక్కును విప్పినది. అచ్చటి వేగపు రైళ్ళు సొరంగములనుండి వెలువడునప్పుడు ముందున్న గాలి యొత్తిడి చేత పెద్ద ధ్వని పుట్టి పరిసరవాసులను బాధించుచుండగా, పక్షులను చూచు అలవాటుగల ఐజీ నకాత్సు అను ఇంజనీరు, గాలినుండి నీటిలోనికి అంతగా చిమ్మకయే దూరు లకుముకి ముక్కు ఆకారమును తలచి, రైలు ముందరిభాగమును ఆ తీరున మలపించెను. 1997లో నడువ నారంభించిన ఆ రైలు గంటకు 300 కిలోమీటర్ల వేగమున పోయెడిది. రెండు తులముల పిట్ట వందల టన్నుల ఇనుమునకు దారి చూపినది.

పరకపిల్లలు, తలకప్పలు, నీటిపురుగులు, చిన్నరొయ్యలు దీని యాహారము. దినమునకు తన బరువులో సగమునకు మించి తినవలెను, లేనిచో బ్రతుకదు. అందుచేతనే తన వేటచోటును ప్రాణమువలె కాచుకొనును. ఇతర లకుముకి వచ్చినచో, రెండును ఎదురెదురు కొమ్మలపై మెడలు చాచి, నిటారుగా నిలిచి, అటునిటు వంగుచు, నాటకములోని ప్రతిద్వంద్వులవలె చాలసేపు ఒకదానినొకటి బెదరించుకొనును.

ఇచ్చట లకుముకి బంధువులను గూర్చి క్లుప్తముగా చెప్పి ముందుకు పోయెదను. గోధుమరంగు తలతో, తెల్లని రొమ్ముతో, పొలములలో విద్యుత్తు తీగలపై గూర్చుండి నవ్వినట్లు అరచు పెద్ద లకుముకిని చూచి చాలమంది చిన్నదానిని చూచితిమనుకొందురు. అది మిడుతలను, తొండలను కూడ తినగలదు గనుక నీరు లేకున్నను బ్రతుకును. పశ్చిమ బెంగాలు దానిని రాష్ట్రపక్షిగా గైకొన్నది. నలుపుతెలుపుల లకుముకి సింగూరు వంటి విశాలజలములపై గాలిలో నిలిచి రెక్కలాడించుచు, నిట్టనిలువుగా పడును. దసరానాడు చూచి మ్రొక్కు, తెలంగాణ రాష్ట్రపక్షియైన మన పాలపిట్టయును ఈ వర్గమునకే చెందినది. ఇక ఈ చిన్నది నీటిని విడిచి బ్రతుకలేదు, దరిని విడిచి కనలేదు.

దరి యను మాట వచ్చినది గనుక అసలు సంగతి చెప్పెదను. మనకు నది యనగా నీరు. నీరున్నచో నది యున్నదనుకొందుము, నీరు తగ్గినచో నది చచ్చినదందుము. లకుముకి కన్నులతో చూచినచో నదికి రెండు పాళ్ళు: ఒకటి చేప కనబడునంత తేటయైన పలుచని నీరు, రెండవది నిటారుగా నిలిచి, చెట్టుచేమ లేక, మెత్తనై, నీటిపైకి గోడవలె లేచిన మంటిదరి. మొదటిది తిండి, రెండవది ఇల్లు. న్యాల్‌కల్ నల్లరేగడి దరులలో ఏటి కోత తగిలి, ఏనుగు ప్రక్కవలె నున్నగా నిలిచిన చోటు లున్నవి. చూచువారికి అవి అందమైనవి కావు. చీలికలుపడి, వేళ్ళు వ్రేలాడుచు, సగము కూలినట్లుండును. పిట్టకు అవియే రాజగృహములు.

ఫాల్గునము మొదలు జ్యేష్ఠమువరకు వాటి గూళ్ళ కాలము. మగపిట్ట చేపను తెచ్చి పెంటి నోట నుంచుట వలపునకు తొలిమెట్టు. పిమ్మట రెండును దరికి ఎదురుగా ఎగిరి, గాలిలోనుండి ముక్కుతో మంటిని పొడిచి, పొడిచి, కాలు మోపుటకు తగినంత గుంట చేసి, తరువాత ఒకటి త్రవ్వుచుండ ఒకటి కావలి కాయుచు, కాళ్ళతో మట్టిని వెనుకకు చిమ్ముచు, మూరెడు పొడవునకు, కొన్నిచోట్ల రెండు మూరల వరకును, సొరంగము చేయును. ఆ సొరంగము లోనికి పోవుకొలది కొంచెము ఎత్తుగా వంగియుండును. వాన నీరు లోనికి పోకుండుటకును, లోని మురికి వెలుపలికి జారుటకును. చివర గుండ్రని గది. అందు గడ్డి లేదు, ఈక లేదు, వట్టినేల. ఐదు మొదలు ఏడు గ్రుడ్లు, అచ్చతెలుపు, మెరయునవి, దాదాపు గుండ్రనివి. చీకటిలో నుండు గ్రుడ్లకు మచ్చలతో పనియేమి? ఇరువురును వంతులవారీగా పొదుగుదురు. ఇరువది దినములకు పిల్లలు పుట్టును. పెద్దలు జీర్ణము కాని ముండ్లను ఉండలుగా కక్కుటచే, క్రమముగా ఆ గది నేల చేపముండ్లతో పరచిన పరుపగును. బయట కెంపులు, నీలములు పొదిగిన ఆభరణమువలె తిరుగు పక్షి పుట్టినిల్లు ఇంత నీచువాసన గలదని తెలిసినపుడు నాకు దానిపై మక్కువ తగ్గలేదు, పెరిగినది. చీకటిలో పిల్లలు వలయముగా కూర్చుండి, ద్వారమున కెదురైనది తిండి పుచ్చుకొని ప్రక్కకు జరుగగా తరువాతిది ముందుకు వచ్చును. గానుగెద్దువలె వంతు తిరుగుచుండును. పుట్టిన ఇరువదిమూడు మొదలు ఇరువదియేడు దినములలో అవి బయటి వెలుగును చూచును. కొలది దినములు తలిదండ్రులు తినిపింతురు. ఆపైన తమ యెల్లనుండి తరిమివేయుదురు. తొలియేడు దాటి బ్రతుకునవి తక్కువ.

రాఘవపూరు ప్రక్క మడుగున వల విసరు ఒక వృద్ధుని నేను అడిగితిని: "తాతా, ఈ పిట్ట ఈడ ఎన్నేండ్ల సంది ఉన్నది?"

ఆయన వలను మోకాలిమీద పరచుకొని, ముడులు చూచుచునే చెప్పినాడు: "నేను వల వట్టినప్పటి సంది ఉన్నది సారూ. అది గూసిందంటే ఆ మడుగుల సన్నచేప ఉన్నట్టే. మేం దాన్ని జూసే వల ఇస్రుతం. ఒడ్డు ఇరిగిన ఏడు మాత్రం అది కనవడదు."

నేను గ్రంథములలో చదివి, ఎన్నో ఋతువులు చూచి తెలిసికొన్నదానిని ఆయన ఒక్కమాటలో చెప్పినాడు. 1931–32లో పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ హైదరాబాదు రాజ్యపు పక్షులను పరిశోధించుటకు ఆ రాజ్యమున తిరిగినాడు. ఆ కాలమున న్యాల్‌కల్ కూడ ఆ రాజ్యములోనిదే. ఆనాటి మంజీరకు ఎగువన ఆనకట్టలు తక్కువ, ఒడ్డున యంత్రములు లేవు. 2016 ఏప్రిలులో, మంజీర నీటిపై బ్రతుకు లాతూరునకు మిరజునుండి రైలులో నీరు మోయవలసి వచ్చినది. ఎండిన ఏటిలో చిన్న లకుముకి నిలువదు. మిగిలిన మడుగులకు, చెరువులకు, వ్యవసాయపు బావులకు వలసపోవును, వాన వచ్చిన పిమ్మట తిరిగి వచ్చును. కరవును అది ఎరుగును. కరవునకు తట్టుకొనుట దానికి పూర్వులనుండి వచ్చిన విద్య.

దరి పోవుట మాత్రము అది యెరుగని విపత్తు. ఇసుకకై ఏటిగర్భమును లోతుగా త్రవ్వినచో, పాదము తెగిన దరి వర్షాకాలపు వరదకు విరిగి పడును. గూళ్ళ కాలముననే త్రవ్వినచో పిల్లలతో సహా పడును. ఒడ్డును చదును చేసి రాతి కట్టడము కట్టినచో ఒడ్డు నిలుచును, కాని అందు పిట్ట దూరజాలదు. ఇచ్చట జరుగు మంజీర కుంభమేళమునకు వచ్చు వేలమంది భక్తులకు స్నానఘట్టములు వలదని నేననను. మంజీరను గరుడగంగయని పూజించి మునుగువారి కాలు జారకుండుట ముఖ్యమే. ఘట్టమునకు కావలసినంత మేర ఘట్టము కట్టి, దానికి ఎగువను దిగువను ఏటి కోతకు వదలిన దరిని తాకకుండుట కష్టమైన పనియని నాకు తోచదు. ఖర్చు లేదు; చేయవలసినది ఏమియు లేదు; చేయకుండుటయే కావలెను. అధికారులకు గాని, గ్రామపెద్దలకు గాని ఇంతకంటె చౌకయైన పని మరియొకటి చెప్పలేను.

ఈ ప్రాంతపు నేలపై ఇప్పుడు చాల కన్నులు పడియున్నవి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలములలో పెద్ద పారిశ్రామిక మండలికై భూములు సేకరించుచున్నారు. 2024లో డప్పూరు, మల్గి, వడ్డి గ్రామములందు ఔషధ పరిశ్రమ పెట్టదలచినప్పుడు రైతులు తమ పొలములను విడువమని ఎదురు నిలిచినారు. ఆ వాదములోని అన్ని తర్కములను విచారించుట ఈ వ్యాసమున కుదరదు. కాని ఇచ్చటి చేలనుండి దిగు ప్రతి పిల్లకాలువయు కడకు ఏదో యొక వాగు వెంట మంజీరకే చేరునని, ఆ నీరు మసకబారినచో కొమ్మమీది పిట్టకు చేప కనబడదని మాత్రము చెప్పవలసియున్నది. పస్తాపూరు కేంద్రముగా పనిచేయు దక్కను అభివృద్ధి సంఘపు స్త్రీలు సంక్రాంతి మొదలుకొని పాత పంటల జాతరలో జొన్న, కొఱ్ఱ, సామ, కంది విత్తనములను బండ్లపై ఊరూర త్రిప్పుదురు. ఎరువుమందులు లేని వారి చేలగట్టునుండి కాలువలోనికి జారు నీటిలో తలకప్పలు ఈదుట నేను చూచితిని. ఆ స్త్రీలు లకుముకి కొరకు ఆ సేద్యము చేయలేదు. అయినను లకుముకికి అది అందుచున్నది.

మొన్న వైశాఖమున తిరిగి ఆ దరికి పోయితిని. నీరు సగమునకు తగ్గి, బురదలో కొంగల అడుగులు ఎండి అచ్చులైనవి. వృద్ధుడు వల విసరు మడుగు దరి నిలిచియే యున్నది. దానిలో, నా ఛాతీ యెత్తున, పిడికిలి పట్టునంత రంధ్రము. దాని పెదవినుండి క్రిందికి జారిన తెల్లని చార. తుమ్మచెట్టు నీడను కదలక గంటకు పైగా కూర్చుంటిని. ఎఱ్ఱని క్రింది ముక్కుగల పక్షి, చేప తల ముందుకు త్రిప్పి పట్టుకొని, కూతవేయకయే వచ్చి, తిన్నగా ఆ రంధ్రమున దూరినది. లోపలనుండి సన్నని రొద యొకటి, దూరమున చక్రము తిరుగుచున్నట్లు, వినబడి ఆగినది. వెలికి వచ్చిన పక్షి మడుగులో ఒకమారు మునిగినది, రెండవమారు మునిగినది, వీపున అంటిన మన్ను కడుగుకొని తుమ్మకొమ్మమీద వ్రాలి, ఈకలు విదలించి, మరల నీటివైపు ముక్కు వంచినది.